నల్లమలలో నిప్పు నెలలు

సంక్రాంతి ముగ్గులు చెరగకముందే మాకు నిప్పు నెలలు మొదలయ్యేవి. ఊళ్ళో వాళ్ళ లెక్కలో అడవి తగలబడటం అంటే మార్చిలోనో ఏప్రిల్‌లోనో రాత్రిపూట కొండ మీద కనపడే ఎర్రటి గీత. అటవీ శాఖలో బీటులో (ఒక గార్డు కాపలా కాసే అడవి ముక్కలో) పనిచేసిన వాళ్ళకి మాత్రం అది డిసెంబరు చివర్లో కొడవళ్ళు లెక్కపెట్టుకుని, పదును పెట్టించుకోవడంతో మొదలయ్యే పని. మంట ఆర్పడం అందులో చిన్న భాగం. చలికాలంలో గడ్డి కోయని బీటు ఎండాకాలంలో కాలేది, పెద్ద రహస్యమేమీ లేదు.

నల్లమల ఎక్కువ భాగం ఆకు రాల్చే అడవి. నల్లమద్ది, చిరుమాను, టేకు, ఏగిస, తునికి, మొర్రి, వాటి మధ్య వెదురు పొదలు, పైన బయళ్ళలో బోద గడ్డి. ఇక్కడ కాలేది నేల. రాలిన ఆకు, ఎండిన గడ్డి, విరిగి పడ్డ కొమ్మ, అంతే. అమెరికా, ఆస్ట్రేలియా వీడియోల్లో చూపించినట్టు చెట్ల తలలు అంటుకుని ఒకదాని మీంచి ఒకదానికి దూకే మంట మన దగ్గర దాదాపు ఉండదు. ఆకులో మోకాలెత్తు, బోద గడ్డిలో పడితే మనిషెత్తు. అందుకే జూలైలో వచ్చి చూసినవాడు “ఏదీ, ఏం కాలింది? అంతా పచ్చగానే ఉంది కదా” అంటాడు. పెద్ద చెట్టుకి బెరడు అడ్డం, అది బతుకుతుంది. పోయేది దాని కింద మొలిచిన మొక్క. టేకు, మద్ది, ఏగిస మొక్కలు వేరు మిగిలితే వానకి మళ్ళీ చిగురిస్తాయి, మళ్ళీ వేసవికి కాలిపోతాయి. ఏటా కాలే చోట అలాంటి మొక్కని తవ్వి చూస్తే కింద వేరు మణికట్టు లావు ఉంటుంది, పైన కొమ్మ పెన్సిలంత ఉంటుంది. వేరు ఏళ్ళ తరబడి కూడబెట్టిందంతా ప్రతి వేసవీ బూడిద అవుతున్నట్టు లెక్క. ఆ ఖాళీలో గడ్డి పెరుగుతుంది, గడ్డి పెరిగితే మరుసటేడు మంట ఇంకా పెద్దది.

ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా గడ్డీ ఆకూ తీసేసిన ఖాళీ పట్టీలు, ఎక్కడెక్కడ ఉండాలన్నది మాకంటే ముందు తరాలు తేల్చి పెట్టినవే. రిజర్వు సరిహద్దు, బీటుకీ బీటుకీ మధ్య, కంపార్టుమెంటు (బీటులో ఒక భాగం) హద్దులు, రోడ్డుకి రెండు పక్కలా, ప్లాంటేషన్ చుట్టూ. లోపలి లైన్లు ఐదారు మీటర్లు, ముఖ్యమైన సరిహద్దులు 10 మీటర్లు, ఆ పైన. కొండ మీద లైను వేసేటప్పుడు సరిగ్గా శిఖరం గీత మీద కాకుండా, కాస్త అవతలి వాలుకి దించి వేయడం పాతవాళ్ళు నేర్పిన పద్ధతి. వాలు ఎక్కి వచ్చే మంట తన ముందున్న గడ్డిని వేడి చేసుకుంటూ వస్తుంది, అందుకే దానికి అంత జోరు. శిఖరం దాటాక ఆ సౌకర్యం పోయి నెమ్మదిస్తుంది. అక్కడ ఐదు మీటర్ల ఖాళీ చేసే పని, ఇవతలి వాలులో పదిహేను మీటర్లు కూడా చెయ్యలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు జీపు దారి ఎక్కడుంటే అక్కడ లైను వేద్దామనేవారు. దారి మనకి అనుకూలం, మంటకి కాదు.

గడ్డి కోత డిసెంబరు చివర్లో. ముందే కోస్తే నేలలో తడి ఉంటుంది కాబట్టి దుబ్బు మళ్ళీ లేస్తుంది. జనవరి దాటాక కోస్తే చుట్టుపక్కల అడవి కూడా ఎండిపోయి, కాల్చడమే ప్రమాదం అవుతుంది. లైను చుట్టూ అడవి ఇంకా పచ్చిగా ఉండగా లైను లోపల గడ్డి మాత్రం ఎండి ఉండాలి. ఆ కొద్ది రోజుల తేడాయే మొత్తం కిటుకు. గడ్డినీ పొదలనీ నేలబారుగా కోసి, లైను మధ్యలోకి లాగి పరిచేవాళ్ళం. కుప్ప పెట్టకూడదు. కుప్ప అడుగున తడి నిలిచి సగం కాలుతుంది, పైమంట మాత్రం కొమ్మల దాకా లేస్తుంది. రెండు అంచులా మీటరు వెడల్పున పారతో చెక్కి, మట్టి కనపడేదాకా ఊడ్చాలి. ఈ అంచులే అసలు లైను. మధ్యలోది కాల్చడానికి.

పదీ పదిహేను రోజులు ఎండాక కాల్పు. ఎత్తు మీద లైన్లు ముందు ఎండుతాయి, వాగు పక్కవి చివరికి. అందుకని పైనుంచి కిందికి వరస. సమయం తెల్లవారుజామున, మంచు ఇంకా ఆకు మీద ఉండగా. తొమ్మిదిన్నర, పది దాటితే ఆపేయాలి. పదకొండు నుంచి వాలు వెంట గాలి పైకి లేస్తుంది. అసలు ఇవాళ కాల్చవచ్చా లేదా అని చెప్పే పరికరం మా దగ్గర ఉండేది కాదు, నిప్పు కాపలాకి పెట్టుకున్న చెంచు వాచర్ల చెయ్యే పరికరం. లైను బయట పడి ఉన్న ఎండు మద్ది ఆకు ఒకటి తీసుకుని పిడికిట్లో నలిపేవాళ్ళు. ఆకు మెత్తగా మడత పడితే సరే. గలగలమని పొడి అయితే “ఇంకా పలుకుతాంది సారూ, ఈపొద్దు వద్దు” అనేవాళ్ళు. ఆ మాటని తోసిపుచ్చి పై నుంచి వచ్చిన తేదీ ప్రకారం కాల్చిన చోట లైనే అడవిని అంటించిన సందర్భాలు ప్రతి రేంజిలోనూ (కొన్ని బీట్లు కలిసిన విభాగంలోనూ) ఉంటాయి. ఎవరూ పైకి చెప్పరు.

కాల్చేటప్పుడు ఒకడు మాత్రమే నిప్పు పట్టుకోవాలి. ఎండు వెదురు చీలికలు నాలుగైదు కట్టగా కట్టి వెలిగించి, గాలికి ఎదురుగా, వాలులో అయితే పైనుంచి కిందికి అంటించుకుంటూ పోవాలి. ఒక్కసారి యాభై, అరవై మీటర్లకు మించి అంటించకూడదు. అది చల్లారాకే తర్వాతి ముక్క. మిగతావాళ్ళు రెండు అంచులా పదేసి అడుగుల దూరంలో పచ్చి మండలతో నిలబడి, ముఖం లైను వైపు కాకుండా అడవి వైపు పెట్టుకోవాలి. అందరూ మంటనే చూస్తూ ఉంటే వీపు వెనక పడ్డ రవ్వని చూసేవాడుండడు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, అడవిలో తడి కూడా దాంతోనే పోతుంది. ఇక అసలు తలనొప్పి, ఆకు. జనవరిలో అద్దంలా ఊడ్చిన లైను మీద మార్చి మొదటి వారానికి బెత్తెడు మందాన ఆకు పడి ఉంటుంది. టేకు ఒకసారి, మద్ది ఒకసారి, చిరుమాను ఇంకాస్త ఆలస్యంగా, ఒక్కో జాతి ఒక్కో వంతున రాలుస్తుంది. ఎండు ఆకు నిండిన లైను, లైను లేకపోవడం కంటే అన్యాయం. అడ్డం ఉందన్న ధీమాతో మనుషులు దాని పక్కనే నిలబడతారు, మంట దాని మీదుగానే నడిచి అవతలికి పోతుంది. అందుకని మార్చి మొదట్లో ఒకసారి, ఉగాదికి ఇంకోసారి లైన్లు ఊడ్చడం తప్పనిసరి. ఈత మట్టల చీపుళ్ళతో మనిషి తర్వాత మనిషి వరసగా ఊడ్చుకుంటూ పోయేవాళ్ళు.

తర్వాత తర్వాత వీపున మోసే బ్లోయర్లు వచ్చాయి. పది కిలోల బరువు, పెట్రోలు ఇంజను. పదిమంది ఊడ్చే లైను ఇద్దరు మార్చి మార్చి ఊదేస్తారు. కానీ యంత్రంతో పాటు దాని రోగాలూ వచ్చాయి. ఇది టూ-స్ట్రోక్, లీటరు పెట్రోలుకి మంచి ఆయిల్ అయితే 20 మిల్లీలీటర్లు, మామూలు ఆయిల్ అయితే 40 కలపాలి. ఆయిల్ కలపని పెట్రోలు ఒక్క ట్యాంకు పోస్తే చాలు, పిస్టన్ పట్టేస్తుంది. కలిపిన డబ్బా మీద గుర్తు లేకపోవడమే కారణం. అందుకే ఆయిల్ కలిపిన డబ్బాకి ఎర్ర గుడ్డ కట్టడం అలవాటు చేశారు. బూడిదలో పనిచేస్తుంది కాబట్టి ఎయిర్ ఫిల్టర్ రోజూ దులపాలి, లేకపోతే మూడో రోజుకి దమ్ము పోతుంది. ఇంజను వేడి మీద ఉండగా పెట్రోలు పోయకూడదు. పోసేది కూడా ఊడ్చిన నేల మీద, మంటకి బాగా దూరంగా. మంట మీద వాడేటప్పుడు ఊపు నిదానంగా పెంచాలి. మోకాలెత్తు లోపు మంటని పక్క నుంచి, కాలిన వైపుకి నెట్టినట్టు ఊదితే ఆరుతుంది. ఎదురుగా నిలబడి పూర్తి ఊపుతో ఊదితే నిప్పురవ్వలు ఇరవై అడుగుల అవతల కొత్త మంటలు పెడతాయి. బ్లోయర్ వెనక దంతె (పళ్ళున్న పనిముట్టు) పట్టుకుని ఇద్దరు నడవాల్సిందే. గాలికి ఆకు పోతుంది కానీ దుంగ పోదు.

మంట ఎవరు పెడతారు అన్న ప్రశ్నకి పట్నంలో వినపడే జవాబు “గాలికి వెదుర్లు రాసుకుని పుడుతుంది” అని. అలా పుట్టిన మంట మేమెవరమూ చూడలేదు. వెతికితే దాదాపు ప్రతిసారీ ఒక మనిషి పని దొరుకుతుంది. ఇప్పపువ్వు రాత్రి రాలుతుంది, తెల్లారి ఏరాలి. ఆకులో పడితే కనపడదని చెట్టు కింద ఆకుకి నిప్పు పెడతారు, చుట్టూ గీత తీయకుండా వదిలేస్తే అది చెట్టు కిందే ఆగదు. తునికాకు మంచి చిగురు వేయాలంటే ఫిబ్రవరి, మార్చిలో కొమ్మ కొట్టాలి. దానికి కూలి పెట్టాలి, నిప్పుకైతే అగ్గిపుల్ల చాలు. కట్టకి 50 ఆకుల లెక్కన బతికే సీజనులో ఈ అడ్డదారి ఆకర్షణ తక్కువేం కాదు. పశువులు తోలుకొచ్చేవాళ్ళు కొత్త గడ్డి కోసం బోద బయళ్ళు అంటిస్తారు. తేనె దివిటీ నుంచి రాలిన నిప్పు, రోడ్డు పక్క బీడీ ముక్క, మూడు రాళ్ళ పొయ్యి ఆర్పకుండా లేచి వెళ్ళిన యాత్రికులు.

యాత్రికుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. శివరాత్రికి భక్తులు, ఆ తర్వాత ఉగాదికి కన్నడ భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి నడిచి వెళ్తారు. అటు అమ్రాబాద్ వైపు చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. అడవి పూర్తిగా ఎండి ఉన్న రోజుల్లోనే వేల మంది వంట పొయ్యిలతో నడుస్తారు. ఆపడం ఎవరి వల్లా కాదు, ఆపాలనుకోవడం కూడా సరి కాదు. చేయగలిగింది ఒకటే. దారికి రెండు పక్కలా ముందే కోసి కాల్చి, వంటకి చోట్లు చెక్కి పెట్టి, అక్కడే నీళ్ళ డ్రమ్ములు ఉంచి, వరస చివరి గుంపు వెనక వాచర్లని నడిపించడం. పొయ్యి మీద నీళ్ళు పోసి వదిలేయకుండా, కర్రతో కెలికి, మళ్ళీ పోసి, చెయ్యి పెట్టి చూడాలి.

చెంచులే అడవి కాలుస్తారని తేలిగ్గా అనేవాళ్ళకి ఒక మాట. తపసి చెట్టు తోలు కాగితంలా పలచన. మంట తగిలితే ఆ చెట్టుకి దెబ్బ, దాని బంక అమ్ముకునే చెంచుకి దెబ్బ. ఎండాకాలం రాత్రి పెంట (చెంచు గూడెం) చుట్టూ గడ్డి అంటుకుంటే కాలేది వాళ్ళ బోద కప్పులే. ఫైర్ వాచర్లలో అడవి ఎరిగినవాళ్ళంటే వాళ్ళే. పొగ రంగు చూసి ఏం కాలుతోందో చెప్పేవాళ్ళు. తెల్లగా లావుగా లేస్తే తడి ఆకు, నిదానం. పసుపు, గోధుమ కలిసి వంగి పరుగెడితే బోద గడ్డి, పరుగు తీయాల్సిందే. టపటపమని పేలుళ్ళు వినపడితే మంట వెదురులో పడింది. కణుపుల మధ్య గాలీ తడీ వేడికి ఉబ్బి పేలతాయి, కాలే బొంగు నిలువునా పడి లైను దాటుతుంది. పూత పూసి చచ్చిన వెదురు ఉన్న లోయలైతే ఆ రెండు మూడేళ్ళూ ప్రత్యేక కాపలా పెట్టాలి.

కబురు చేరడం పెద్ద సమస్యగా ఉండేది. వాచ్ టవర్ నుంచి పొగ చూసి, దిక్కు గుర్తుపెట్టుకుని, వైర్‌లెస్‌లో రేంజికి చెప్పి, ఇంకో టవర్ నుంచి దిక్కు కలుపుకుంటే చోటు తేలేది. 2004 నుంచి డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహం పట్టిన మంటల చోట్లు రాష్ట్రాలకి పంపడం మొదలుపెట్టింది. ఇప్పుడు నేరుగా బీటు ఆఫీసర్ ఫోనుకే మెసేజ్. మంచిదే, కాకపోతే దాని పరిమితి తెలిసి వాడాలి. ఉపగ్రహాల మీద ఉండే మోడిస్, వీర్స్ అనే పరికరాల్లో మోడిస్ చుక్క అంటే కిలోమీటరు పలక, వీర్స్ చుక్క అంటే 375 మీటర్ల పలక. మెసేజ్‌లో వచ్చే అక్షాంశ రేఖాంశాలు ఆ పలక నడిబొడ్డువి, మంటవి కావు. మంట పలక అంచున ఉండొచ్చు, మధ్యలో ఒక లోయ ఉండొచ్చు. పైగా ఉపగ్రహాలు దాటేది పొద్దున, మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, మళ్ళీ రాత్రి. సాయంత్రం నాలుగింటికి పశువులు మళ్ళించేటప్పుడు అంటించిన నిప్పు రాత్రి దాకా తెరమీదకి రాదు. కొమ్మల కింద పాకే చిన్న మంట అసలు రాకపోవచ్చు. పొగ ముందు చూసేది ఇప్పటికీ పెంటలో మనిషే.

ఇక ఆర్పడం. మార్చి చివర్లో మంట కొట్టడానికి పచ్చి మండ దొరకదు, అడవంతా మోడు. వాగు గట్టున నేరేడు, ఈత మాత్రమే పచ్చగా ఉంటాయి. అందుకని వెళ్ళే దారిలో వాగు తగిలితే అక్కడే మనిషికి రెండేసి మండలు నరుక్కుని భుజాన వేసుకోవాలి. మంట దగ్గరికి వెళ్ళి వెతుక్కుంటే అక్కడ ఏమీ ఉండదు. మండతో కొట్టడం అంటే బట్టలుతికినట్టు ఎత్తి బాదడం కాదు. అలా బాదితే రవ్వలు నాలుగు దిక్కులా ఎగురుతాయి. మంట మీద పరిచినట్టు వేసి, నొక్కి, కాలిన వైపుకి ఈడ్చాలి. ఒకరు కొట్టి ముందుకి పోతే వెనకవాడు మిగిలింది కొట్టాలి, మూడోవాడు దంతెతో అంచు గీయాలి. మంట తలకి (ముందుకి పరుగెత్తే కొసకి) ఎదురెళ్ళకూడదు. తోక దగ్గర, కాలిన నేల మీద నిలబడి మొదలుపెట్టి, రెండు పక్కల నుంచి బిగించుకుంటూ తల దగ్గరికి రావాలి. ఎప్పుడైనా గాలి తిరిగితే కాలిన నేల పక్కనే ఉంటుంది, అక్కడికి అడుగేస్తే చాలు. వాలు మీద మంటకి పైన, అందులోనూ సన్నటి లోయ మొదట్లో, ఎంత తొందర ఉన్నా నిలబడకూడదు. పది డిగ్రీల వాలు పెరిగితే మంట వేగం దాదాపు రెట్టింపు అవుతుంది, మనిషి వేగం సగం అవుతుంది.

పగలు రెండింటికి ఎదురించి ఓడిపోయే మంటని రాత్రి పదింటికి సగం మందితో ఆర్పవచ్చు. గాలిలో తేమ పెరుగుతుంది, కొండగాలి దిశ మారి పైనుంచి కిందికి వీస్తుంది, మంట బెత్తెడికి కుంగుతుంది, పైగా అంచు స్పష్టంగా కనపడుతుంది. కాకపోతే ఎలుగుబంటి, పాము, కనపడని రాతి అంచు కూడా ఆ చీకట్లోనే ఉంటాయి. దారి తెలిసిన వాచర్ లేకుండా రాత్రి పంపించకూడదు. నూలు బట్టలే వేసుకోవాలి, నైలాన్ అయితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. మనిషికి నాలుగైదు లీటర్ల నీళ్ళు తాగడానికి, ముక్కుకి తడి తువ్వాలు, సంచిలో అటుకులు, బెల్లం, ఉప్పు, ఉల్లిపాయ. మంట కంటే ముందు వడదెబ్బ పడగొడుతుంది.

ఎదురు నిప్పు, అంటే వచ్చే మంటకి ఎదురుగా మనమే అంటించే నిప్పు, దాని గురించి గొప్పగా చెప్పుకునేవాళ్ళు ఎక్కువ, సరిగ్గా పెట్టగలిగేవాళ్ళు తక్కువ. మంట తలకి ముందు శుభ్రమైన లైను ఒకటి ఉండి, దాని రెండు కొనలూ రోడ్డుకో వాగుకో కాలిన నేలకో తగిలి ఉంటేనే పెట్టాలి. కొన వదిలేస్తే మంట చుట్టు తిరిగి వెనక నుంచి వస్తుంది. పెద్ద మంట దగ్గరయ్యే కొద్దీ తన వైపుకి గాలి లాక్కుంటుంది. లైను దగ్గర ఎండుటాకులు మంట వైపు కదలడం మొదలవగానే అంటిస్తే మన నిప్పు దాని వైపే పోతుంది. తొందరపడి ముందే అంటిస్తే అది మన మీదికే వస్తుంది. లైను మీద ఉన్న అందరినీ పేరు పేరునా పిలిచి, లోపల ఎవరూ లేరని తేల్చుకోకుండా అగ్గిపుల్ల గీయకూడదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

వీటన్నిటికీ లొంగని నేల కూడా ఉంటుంది. 2014 మార్చిలో శేషాచలంలో తిరుమల పక్కన అంటుకున్నప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. నిలువు రాళ్ళ మీద మండ పట్టుకుని నడిచే చోటు కాదది.

మంట కనపడటం ఆగగానే జనం జీపెక్కేస్తారు, మర్నాడు మధ్యాహ్నం అదే మంట మళ్ళీ లేస్తుంది. అంచు నుంచి లోపలికి ఇరవై, ముప్ఫై అడుగుల దాకా పొగ వచ్చే ప్రతిదాన్నీ చూడాలి. ఎండు పేడ రోజంతా లోలోపల రగులుతుంది. వాలు మీద రగిలే దుంగ కింద కట్టు కాలగానే దొర్లి లైను దాటుతుంది, అందుకని దాన్ని ఒక కొన పైకి, ఒక కొన కిందికి ఉండేలా వాలు వెంట తిప్పాలి, లేదా కింద కాలవ తవ్వి ఆపాలి. బోలు పడ్డ ఎండు మాను పొగగొట్టంలా పనిచేసి పై నుంచి రవ్వలు వదులుతుంది, లైనుకి దగ్గరగా ఉంటే దాన్ని లోపలి వైపుకి పడేలా నరికేయాలి. వీపు పంపులో ఉండే 16 లీటర్ల నీళ్ళు మంట మీద చల్లి వృథా చేయకుండా ఈ పనికే దాచుకోవాలి. మట్టి కప్పి వదిలేయడం చాలామంది చేసే తప్పు. కప్పిన దుంగ ఆరదు, ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. గీకి, నీళ్ళు పోసి, కలపాలి.

ఆ తర్వాత ఎక్కడ పుట్టిందో వెతకడం. నిలబడి ఉన్న చెట్ల మొదళ్ళ మీద మసి ఒక పక్క ఎత్తుగా ఉంటుంది, గాలి పోయే దిక్కు పక్క, వాలులో అయితే పై పక్క. ఆ మసికి ఎదురు దిక్కుగా నడుచుకుంటూ పోతే కాలిన మేర సన్నబడుతూ వస్తుంది. కొసన ఇప్ప చెట్టో, మూడు రాళ్ళో, బాట మలుపో దొరుకుతుంది. రిపోర్టులో విస్తీర్ణం పూర్వం అడుగులు కొలిచి రాసేవాళ్ళు, ఇప్పుడు జీపీఎస్ పట్టుకుని అంచు వెంట నడుస్తున్నారు. పూర్వం హెక్టార్లు ఎప్పుడూ గుండ్రంగా ఉండేవి, ఐదు, పది, పదిహేను. జీపీఎస్ వచ్చాకే అడవి పాయింట్ లెక్కన కాలడం మొదలుపెట్టింది.

తొలకరి పడ్డాక వాచర్ల జట్లు విడిపోతాయి. బ్లోయర్ల ట్యాంకులు ఖాళీ చేసి, కార్బురేటర్లో మిగిలింది కూడా ఇంజను ఆగేదాకా నడిపి కాల్చేసి, స్టోరులో పెట్టాలి. వదిలేస్తే పెట్రోలు జిగురు కట్టి జనవరిలో ఒక్కటీ స్టార్ట్ కాదు. కొడవళ్ళకి నూనె. కాలిన వాలుల కింద ఉన్న చెక్ డ్యాములు, సాసర్ పిట్లు (జంతువులు నీళ్ళు తాగే పళ్ళెం లాంటి గుంటలు) మాత్రం వెంటనే చూడాలి. మొదటి రెండు వానలకి బూడిదంతా కొట్టుకొచ్చి నీళ్ళు నల్లగా మారతాయి, అడుగున జానెడు మడ్డి చేరుతుంది. అది తోడి పోయకపోతే వచ్చే వేసవికి ఆ గుంటలో సగం నీళ్ళే నిలుస్తాయి.